పొడుగు గీతలు ఆగిపోయే గేటు: మా కౌంటీ దారుల విభాగానికి బహిరంగ లేఖ

కౌంటీ కౌన్సిల్‌లో దారుల హక్కులు చూసే అధికారులకు, మా ఊరి కౌన్సిలర్‌కు, కొండ మీది పొలాల యజమానులకు నమస్కారం.

మా ఊరి వెనక కొండదారిలో ముప్పావు మైలు మేర సైకిల్‌కు హక్కు లేకుండా పోయిన విషయం మీద మీకు ఇంగ్లీషులో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి, ఉత్తరం అందిందని కంప్యూటర్ జవాబు ఇచ్చింది. రెండోదానికి, దరఖాస్తు వరుసలో ఉందన్నారు. మూడోదానికి ఏమీ రాలేదు. అందుకే ఈసారి అందరికీ కనిపించేలా రాస్తున్నాను. దీని ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపాను. తెలుగులో ఎందుకంటే, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, మాంచెస్టర్, డెర్బీ చుట్టుపక్కల ఆస్పత్రుల్లో, కేర్ హోముల్లో, ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఈ కొండల్లో సైకిల్ మీద ఎక్కడికి పోవచ్చో, ఎక్కడికి పోకూడదో తెలియదు. కొన్నేళ్ల కింద నాకూ తెలియదు. వాళ్లూ చదవాలి.

పీక్ డిస్ట్రిక్ట్ అనే ఈ కొండ ప్రాంతం అంచున ఉన్న మా ఊరి వెనక నుంచి ఒక దారి కొండెక్కుతుంది. రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో ఎడ్ల బండి సులువుగా పోయేంత జాగా. ఊరి చివర కర్ర స్తంభానికి నీలం బాణం ఉంటుంది. నీలం అంటే బ్రైడిల్‌వే. నడిచేవాళ్లకు, గుర్రం మీద పోయేవాళ్లకు, సైకిల్ తొక్కేవాళ్లకు ముగ్గురికీ హక్కున్న బాట. మైలున్నర ఎక్కాక ఒక గేటు వస్తుంది. గేటు అవతల అదే దారి, అవే గోడలు, అంతే వెడల్పు. కానీ అక్కడి బాణం పసుపు. అంటే కాలిబాట, నడిచేవాళ్లకే. ముప్పావు మైలు పోయాక మళ్లీ నీలం బాణం కనిపిస్తుంది. అక్కడి నుంచి దిగితే పాత రైలు పట్టాలు తీసేసి వేసిన సైకిల్ బాటలో కలుస్తాం. ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన ఎక్స్‌ప్లోరర్ మ్యాపు తీసి చూస్తే, పొడుగు ఆకుపచ్చ గీతలు ఆ గేటు దగ్గర పొట్టి గీతలైపోతాయి. ఆ గేటే రెండు పారిష్‌లకు, అంటే మన గ్రామ పంచాయతీల్లాంటి వాటికి, సరిహద్దు.

దారి ఎందుకలా మారిందో మీకు నేను చెప్పక్కర్లేదు. చదివే మావాళ్ల కోసం చెబుతాను. 1949లో వచ్చిన చట్టం ప్రతి కౌంటీలోనూ దారుల సర్వే చేసి నక్షా తయారు చేయమంది. ఏ దారి ఏ రకమో ముందుగా రాసిచ్చే పని పారిష్‌లకు అప్పగించారు. ఒక పారిష్‌లో ఉన్నవాళ్లు తమ వైపు దారిని బ్రైడిల్‌వే అని రాశారు. పక్క పారిష్ వాళ్లు అదే దారిని కాలిబాట అని రాశారు. అప్పట్లో కాలిబాట అయినా, గుర్రపు బాట అయినా ఊళ్లో వాళ్లకు పెద్ద తేడా కనిపించి ఉండదు. తర్వాత 1968 గ్రామీణ ప్రాంతాల చట్టం బ్రైడిల్‌వేల మీద సైకిల్‌కు హక్కు ఇచ్చింది. కాలిబాటల మీద ఇవ్వలేదు. అంటే ఎవరో తోచినట్టు రాసిన మాట సైకిళ్లకు గోడ అయి నిలబడింది. ఇంగ్లండ్ మొత్తం చూసినా జనానికి హక్కున్న దారుల్లో సుమారు 22 శాతం మీదే సైకిల్ తొక్కే హక్కుంది. ఉన్నవి కూడా ఇలా మధ్యలో తెగిపోతుంటే ఆ 22 శాతం కాగితం మీది లెక్కే.

మా జనగామ పక్క ఊళ్లలో ఈ మాట చెబితే చప్పున అర్థమవుతుంది. అక్కడ బండ్ల బాట వేరు, కాలిబాట వేరు. నక్షాలో బాట ఉంటే ఎవరైనా దున్నుకున్నా తహసీల్దారు దగ్గరికి పోయి అడగొచ్చు. నక్షాలో లేకపోతే తాతల నాటి నుంచి నడిచిన బాటైనా తగువే. మా నాన్న పొలానికి పోయే బాట కోసం నాలుగేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగాడు. నారు ఎదిగిపోతుంటే, ట్రాక్టర్ పోనివ్వకపోతే, పక్క చేను వాళ్లను బతిమాలుకున్నాడు. నక్షాలో ఒక గీత తప్పు పడితే ఎన్ని ఇళ్లకు ఆ బాధ పాకుతుందో నేను చిన్నప్పుడే చూశాను. ఇన్ని వేల మైళ్ల దూరం వచ్చాక మళ్లీ అదే చూస్తానని అనుకోలేదు.

ఆ ముప్పావు మైలును బ్రైడిల్‌వేగా సరిచేయమని మా ఊరి గుర్రపు స్వారీ చేసేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు కలిసి 2019 వేసవిలో దరఖాస్తు ఇచ్చారు. నేను ఊరికి వచ్చింది ఆ తర్వాతే, కాబట్టి ఆ ఘనత నాది కాదు. 1981 చట్టం ప్రకారం ఎవరైనా ఇలా అడగొచ్చు. ఉమ్మడి భూములను కంచెలు వేసి పంచినప్పటి పాత ఎన్‌క్లోజర్ మ్యాపు నకలు పెట్టారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ దారిన గుర్రం మీద, సైకిల్ మీద తిరిగామని సంతకాలు చేసిన వాంగ్మూలాలు పెట్టారు. పొలం యజమానికి నోటీసు ఇచ్చారు. అడిగినవన్నీ ఇచ్చారు. ఇప్పటికీ ఆ ఫైలు ఎవరూ తెరవలేదు. మీ దగ్గర సిబ్బంది తక్కువని, ఇలాంటి దరఖాస్తులు గుట్టలుగా ఉన్నాయని తెలుసు. ఆ మాట అబద్ధమని అనను. కానీ ఆ గుట్ట కింద మనుషులున్నారు. ఈ ఆలస్యం వల్ల మా ఊళ్లో ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాను.

1. పిల్లలు లారీల రోడ్డెక్కుతున్నారు. ఆ ముప్పావు మైలు వాడొద్దంటే మిగిలేది కింద ఉన్న పెద్ద రోడ్డు. రెండు మైళ్లు. గంటకు 60 మైళ్ల వేగం అనుమతి. పక్కన నడిచే జాగా లేదు, మలుపుల్లో రాతి గోడ నేరుగా రోడ్డు అంచుకే ఉంటుంది. సున్నపురాయి క్వారీల నుంచి లారీలు పొద్దున్నే మొదలవుతాయి. రెండేళ్ల కింద సెప్టెంబరులో నా కూతురు, అప్పటికి దానికి పన్నెండేళ్లు, నా ముందు సైకిల్ తొక్కుతోంది. లారీ దాన్ని తాకలేదు. ఆ డ్రైవరు తప్పు చేశాడని కూడా నేను అనను, ఆయన జరగగలిగినంత జరిగాడు. లారీ దాటేటప్పుడు కొట్టిన గాలికి పిల్ల సైకిల్‌తో సహా గోడకు గుద్దుకుంది. మెడ కింద ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి కట్టులో పెట్టుకుని బడికి పోయింది. ఎముక అతుక్కుంది. కానీ అది మళ్లీ సైకిల్ ముట్టుకోవడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు కూడా వెనక పెద్ద బండి చప్పుడు వినిపిస్తే దిగి గోడకు ఆనుకుని నిలబడుతుంది. ఆ రోజు మేం కాలిబాట మీద తొక్కి ఉంటే ఏమయ్యేది? మహా అయితే యజమాని అనుమతి లేకుండా ఆయన భూమిలోకి వచ్చామని సివిల్ తగాదా అయ్యేది. చట్టానికి లోబడి నడుచుకున్నందుకు నా బిడ్డను ఆస్పత్రిలో చూశాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.

2. కారు లేనివాళ్లు పనికి పోలేకపోతున్నారు. మా ఊళ్లోనే అద్దెకుంటున్న ఒక వరంగల్ అమ్మాయి అవతలి లోయలో కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. పొద్దున ఏడింటికి డ్యూటీ. ఆ వేళకు బస్సు లేదు. మన దేశపు లైసెన్సుతో ఇక్కడ స్థిరపడ్డాక పన్నెండు నెలలే కారు నడపొచ్చు, ఆ తర్వాత ఇక్కడి పరీక్ష పాస్ కావాలి. ఆ పరీక్షకు తేదీ దొరకడమే ఒక యజ్ఞం. వేసవిలో ఆమె ఎలక్ట్రిక్ సైకిల్ మీద కొండెక్కి, ఆ గేటు దగ్గర దిగి, ముప్పావు మైలు తోసుకుంటూ పోతుంది. మధ్యలో గోడ దాటడానికి రాతి మెట్లున్నాయి. ఇరవై కిలోలు దాటిన బండిని రోజూ రెండుసార్లు ఎత్తి అవతల దింపాలి. వాన పడితే ఆ మెట్లు జారతాయి. చలికాలమంతా టాక్సీ. ఆ నెలల్లో జీతంలో ఎంత టాక్సీకే పోతుందో ఆమె నాకు చెప్పింది, ఇక్కడ రాయడం మర్యాద కాదు. ముసలివాళ్లకు స్నానం చేయించి, తినిపించే మనిషిని పనికి చేర్చలేని దారి ఎందుకని నేను అడుగుతున్నాను.

3. సైకిల్ తొక్కడానికి కారు కావాల్సి వస్తోంది. ఈ ప్రాంతంలో పాత రైలు మార్గాల మీద వేసిన బాటలు ఎంత మంచివో ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. 1968లో మూతపడిన రైలు మార్గం మీద మోన్సాల్ ట్రెయిల్ ఎనిమిదిన్నర మైళ్లు ఉంటుంది. 2011లో పాత సొరంగాలు తెరిచినప్పటి నుంచి పసిపిల్లను సైకిల్ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కూడా హాయిగా పోవచ్చు. టిస్సింగ్టన్ ట్రెయిల్ 13 మైళ్లు, హై పీక్ ట్రెయిల్ 17 మైళ్లు. మొన్న ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ మోన్సాల్ సొరంగంలో నడుస్తూ, లోపల చలికి కొంగు కప్పుకుని, పట్టాలు తీసేసినా ఎంత శుభ్రంగా పెట్టారని ఆశ్చర్యపోయింది. కానీ అలాంటి బాటల దగ్గరికి సైకిల్ మీద చేరే దారి లేక, ఆదివారం వస్తే జనం సైకిళ్లను కారుకు కట్టుకుని బయల్దేరుతున్నారు. పార్కింగులు నిండిపోయి, ఊళ్ల సందుల్లో కార్లు నిలిపి, అక్కడివాళ్లతో గొడవలు. కారు లేని కుటుంబానికి ఆ బాట ఉన్నా లేనట్టే.

4. నడవలేనివాళ్ల సంగతి ఎవరూ అడగడం లేదు. మూడు చక్రాల సైకిల్, చేతులతో తొక్కే సైకిల్ వాడేవాళ్లు ఆ రాతి మెట్ల దగ్గర వెనక్కి తిరగడమే. వాళ్ల బండిని ఎత్తే మనిషి పక్కన లేడు.

5. సాక్షులు పోతున్నారు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే. దరఖాస్తుతో పాటు వాంగ్మూలం ఇచ్చిన పెద్దాయన ఒకరు పోయిన చలికాలం చనిపోయారు. ఆయన కుర్రతనంలో ఆ దారినే సైకిల్ మీద పాల కేంద్రానికి పనికి పోయేవారు. ఎక్కడ గేటు ఉండేది, ఎప్పుడు రాతి మెట్లు కట్టారు, ఎవరు ఆపారు, ఎవరూ ఆపలేదా, ఇవన్నీ ఆయన నోటి లెక్కలో ఉండేవి. విచారణ జరిగితే ఎదురు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఆయన లేరు. కాగితం మిగిలింది. కాగితానికి మనిషికున్న బలం ఉండదని నా కంటే మీకే బాగా తెలుసు. మిగిలినవాళ్లలో ఇద్దరికి ఎనభై దాటాయి. ఫైలు ఊరికే వరుసలో నిలబడి ఉందని మీరనుకుంటున్నారు, కానీ అది ప్రతి చలికాలం బలం కోల్పోతోంది.

ఇక మీరు, రైతులు చెప్పే అభ్యంతరాలు నేనూ విన్నాను. వాటిలో నిజం ఉంది. కొందరు మౌంటెన్ బైకర్లు దిగువకు బ్రేకు పట్టి టైరు జారిస్తూ పోతారు, మెత్తటి నేల మీద గాడులు పడతాయి. ఏప్రిల్‌లో గొర్రెలు ఈనే కాలంలో గేటు తెరిచి వదిలేస్తే రైతుకు ఎంత నష్టమో, గొర్రెలు కాసే ఇళ్ల మధ్య పెరిగినవాడిగా నాకు తెలుసు. బెల్లు కొట్టకుండా వెనక నుంచి వచ్చి నడిచేవాళ్లను బెదరగొట్టడం తప్పు. బ్రైడిల్‌వే మీద సైకిల్‌వాడు నడిచేవాళ్లకు, గుర్రాలకు దారి ఇవ్వాలని 1968 చట్టమే చెప్పింది. దాన్ని పాటించనివాణ్ణి నేను వెనకేసుకురాను. అయితే ఆ దారిలో పెద్ద గాడులు కోసింది వాన నీళ్లు. కొండ మీది నుంచి వచ్చే నీళ్లను పక్కకు మళ్లించే రాళ్లు ఎప్పుడో కదిలిపోయాయి, దారే కాలువ అయింది. గేటు ఇవతల బ్రైడిల్‌వే మీద గాడులున్నాయి, అవతల సైకిళ్లకు హక్కు లేని కాలిబాట మీదా అంతే గాడులున్నాయి. ఒకసారి వచ్చి చూడండి. సైకిళ్ల కోసం బ్రైడిల్‌వేను బాగుచేయాలన్న బాధ్యత చట్టం మీ మీద పెట్టలేదు. మేం తారు అడగడం లేదు, కంకర అడగడం లేదు. రాళ్లు రాళ్లలాగే ఉండనివ్వండి. రాళ్ల మీద తొక్కడమే మా ఆనందం. నీళ్లు పక్కకు పోతే చాలు.

భూమి పోతుందేమోనని యజమానులకు ఉన్న భయానికీ ఒక మాట. దారి ఇప్పటికే గోడల మధ్య ఉంది. ఒక్క అడుగు కూడా పొలంలోకి రాదు.

ఈ కొండల చరిత్ర మీకు గుర్తు చేయడం నా స్థాయికి మించిన పనేమో. అప్పట్లో జనాన్ని రానివ్వని కిండర్ స్కౌట్ కొండ మీద నడిచే హక్కు కోసం 1932 ఏప్రిల్ 24న నడిచినవాళ్లలో ఐదుగురిని జైలుకు పంపారు. అదే కొండ 1951లో దేశపు మొదటి నేషనల్ పార్కులో భాగమైంది. 2000 చట్టం బీళ్ల మీద, కొండల మీద స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇచ్చింది, అదీ నడిచేవాళ్లకే. స్కాట్లండ్ 2003లో చేసిన చట్టం బాధ్యతగా మెలిగితే సైకిల్‌నూ రానిచ్చింది. అక్కడికీ ఇక్కడికీ కొన్ని గంటల ప్రయాణం. మేం ఇంగ్లండ్ చట్టం మొత్తం మార్చమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ముప్పావు మైలు మీ చేతిలోనే ఉంది.

మేం కోరుతున్నవి ఇవి.

మొదట, 2019 దరఖాస్తు మీద నిర్ణయం ఏ నెలలో తీసుకుంటారో ఈ లేఖ అందిన అరవై రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి. పన్నెండు నెలల్లో తేల్చకపోతే దరఖాస్తు పెట్టినవాళ్లు మంత్రికి మొరపెట్టుకోవచ్చని చట్టంలో ఉంది. ఇన్నేళ్లూ అక్కడికి పోలేదు, మీతో కలిసి తేల్చుకుందామనే. తేదీ రాకపోతే పోతాం. పాత దారుల నమోదుకు మొదట 2026 గడువు పెట్టి, తర్వాత 2031 చేసి, 2024 డిసెంబరులో ఆ గడువే తీసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అది మంచి మాటే. కానీ గడువు లేదు కదా అని మా ఫైలు ఇంకో గుట్ట కిందికి పోకూడదు.

రెండోది, ఫైలు వంతు వచ్చేదాకా ఆగకుండా పెద్ద వయసు సాక్షులను ఇప్పుడే కలిసి మాట్లాడి రికార్డు చేయండి. దీనికి ఒక అధికారి ఒక రోజు చాలు. వాళ్లు ఊళ్లోనే ఉంటారు, టీ కూడా ఇస్తారు.

మూడోది, నిర్ణయం వచ్చేలోపు పొలం యజమానితో కూర్చోండి. ఆయన ఒప్పుకుంటే అనుమతి బాటగా రేపే తెరవొచ్చు. 1980 హైవేల చట్టం కింద ఒప్పందం రాసుకుని శాశ్వతంగా బ్రైడిల్‌వే చేయొచ్చు. ఒప్పుకోకపోతే, అవసరం ఉందని తేలిన చోట నష్టపరిహారం ఇచ్చి ఉత్తర్వు తెచ్చే అధికారం కూడా మీకుంది. కనీసం ఆ రాతి మెట్ల పక్కన ఒక గేటు పెట్టనివ్వండి. గేటు ఖర్చుకు ఊళ్లో చందా వేసుకుంటాం, పెట్టే రోజు మనుషులం వస్తాం.

నాలుగోది, ఆ రెండు మైళ్ల పెద్ద రోడ్డు మీద వేగం గంటకు 40 మైళ్లకు తగ్గించే విషయం సంబంధిత విభాగానికి పంపండి. ఇది రాయడానికి ఒక ఉత్తరం చాలు.

మన తెలుగు కుటుంబాలకు ఒక విన్నపం. మీ ఊరి దగ్గర బాణాల రంగు చూడండి. నీలం ఉన్న చోట ధైర్యంగా పోండి, బెల్లు కొట్టండి, గుర్రం ఎదురైతే ఆగి పలకరించండి. గేటు ఎలా ఉందో అలాగే వదిలి పోండి. గట్టి వాన పడిన మర్నాడు మెత్తటి బాటల జోలికి పోకండి. నీలం బాణాల దారి మధ్యలో తెగిపోయిన చోటు కనిపిస్తే మ్యాపు మీద గుర్తు పెట్టి మీ కౌన్సిల్‌కు రాయండి. మనం ఇక్కడ పన్ను కడుతున్నాం, మన పిల్లలు ఇక్కడి బళ్లలో చదువుతున్నారు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అధికారులకు చివరగా. మా వీధి చివర ఇంట్లో ఉండే పెద్దావిడ చిన్నప్పుడు వాళ్ల నాన్న వెనక గుర్రం మీద ఆ దారినే అవతలి ఊరి సంతకు పోయేది. దరఖాస్తు మీద మొదటి సంతకం ఆమెదే. ఆమెకు వచ్చే మార్చికి ఎనభై ఏడు నిండుతాయి. మీవాళ్లు ఏ రోజు వస్తారని నన్ను చూసినప్పుడల్లా అడుగుతుంది. ఆ రోజేదో చెబితే ఆమెకు నేనే పోయి చెబుతాను.

ఇట్లు,
మీ కౌంటీలో ఇల్లు కట్టుకుని, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న ఒక తెలుగు తండ్రి